ఈవెంట్స్ ప్రాక్టీస్ చేసేవారు ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి: సమగ్ర మార్గదర్శి

పోలీస్ కానిస్టేబుల్, ఎస్సై, ఆర్మీ ఎంపికల్లో ఉండే ఈవెంట్స్ (పరుగు, జంప్ వంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌కు వెళ్లేవారు తిండి గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఏ పౌడర్ వాడాలి, అన్నం మానేయాలా, గుడ్లు ఎన్ని తినాలి అని అడుగుతారు. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: మీరు చేస్తున్న కష్టానికి సరిపడా తింటున్నారా? నెలల తరబడి పరుగెత్తినా టైమింగ్ తగ్గకపోవడానికి, పిక్కల నొప్పులు వదలకపోవడానికి చాలాసార్లు తిండి చాలకపోవడమే కారణమవుతుంది.

ఈ మార్గదర్శి 1600 మీటర్లు లేదా 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కోసం రోజుకు గంటన్నర నుంచి రెండున్నర గంటలు సాధన చేసే ఆరోగ్యవంతుల కోసం రాసినది. షుగర్, కిడ్నీ సమస్యలు, ఇతర దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవారు ఇందులోని లెక్కలను వైద్యుడికి చూపించి, ఆయన సలహా ప్రకారం మార్చుకున్న తర్వాతే పాటించాలి.

1. మొదట మీ కేలరీల లెక్క వేసుకోండి

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం 65 కిలోల పురుషుడు రోజంతా కూర్చుని పని చేస్తే 2,110 కేలరీలు, ఓ మోస్తరు శ్రమ చేస్తే 2,710, కఠినంగా శ్రమిస్తే 3,470 కేలరీలు కావాలి. 55 కిలోల మహిళకు ఇవే అంకెలు వరుసగా 1,660, 2,130, 2,720.

పొద్దున, సాయంత్రం సాధన చేస్తూ మధ్యలో స్టడీ హాల్లో కూర్చునే అభ్యర్థి అవసరం చివరి రెండు అంకెల నడుమ ఎక్కడో ఉంటుంది. కాబట్టి పురుషులు తమ బరువులో ప్రతి కిలోకు 45 కేలరీలు, మహిళలు 42 కేలరీలు వేసుకుని మొదలుపెట్టవచ్చు. అంటే 65 కిలోల యువకుడికి సుమారు 2,900, 55 కిలోల యువతికి సుమారు 2,300 కేలరీలు. ఇది ఆరంభపు అంకె మాత్రమే. దీన్ని ఎలా సరిచేసుకోవాలో 8వ భాగంలో ఉంది.

బరువు తగ్గాల్సిన అవసరం నిజంగా ఉన్నవారు ఈ లెక్కలోంచి రోజుకు 300 నుంచి 400 కేలరీలకు మించి కోయకూడదు. అది కూడా ఈవెంట్స్‌కు కనీసం నెల ముందే ముగించాలి. ఆఖరి వారాల్లో కడుపు మాడ్చుకుంటే తగ్గే బరువుతో పాటు కాళ్లలోని సత్తువ కూడా పోతుంది.

మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- బరువు చూసే యంత్రం. సొంతంగా లేకపోతే వారానికోసారి ఒకేచోట, ఒకే వేళకు చూసుకునే ఏర్పాటు.
- ఒక చిన్న నోటు పుస్తకం. వరుసగా మూడు రోజులు తిన్నదంతా, టీతో సహా, వేళతో రాయండి.
- ఇంట్లో వండుకునేవారికి చిన్న వంటింటి త్రాసు. బియ్యం, పప్పు పచ్చిగా ఉన్నప్పుడే తూచాలి. అన్నం ఉడికాక రెండున్నర నుంచి మూడు రెట్లు బరువు తూగుతుంది కనుక ఉడికినదాన్ని తూచితే లెక్క తప్పుతుంది.

2. కేలరీలను ఆహారంలోకి మార్చండి

పిండిపదార్థాలు: కిలో బరువుకు రోజుకు 6 నుంచి 7 గ్రాములు. వేగంగా పరుగెత్తేటప్పుడు కండరాలు ప్రధానంగా వాడుకునేది తమలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌నే. ఆ నిల్వ తయారయ్యేది అన్నం, జొన్నరొట్టె, ఇడ్లీ, చిలగడదుంప, అరటిపండు వంటివాటి నుంచి. నిల్వ తరిగినప్పుడు ఎంత పట్టుదల ఉన్నా మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కుతాయి.

ప్రొటీన్: సాధారణంగా కిలో బరువుకు 0.83 గ్రాములు సరిపోతాయి. కఠిన సాధన చేసేవారికి 1.2 నుంచి 2 గ్రాముల వరకు కావాలి. 1.6 గ్రాములను లక్ష్యంగా పెట్టుకోండి. 65 కిలోలకు సుమారు 105 గ్రాములవుతాయి. పప్పుల మీదే ఆధారపడే శాకాహారులు కాస్త ఎక్కువే తీసుకోవాలి, ఎందుకంటే గుడ్డు, పాలు, మాంసంలోని ప్రొటీన్ ఒంటబట్టినంతగా పప్పుల్లోనిది ఒంటబట్టదు.

కొవ్వు: మిగిలిన కేలరీలు నూనె, పల్లీలు, నువ్వులు, పాలు, గుడ్డులోని పచ్చసొన నుంచి వస్తాయి. దీనికి ప్రత్యేకంగా లెక్క అక్కర్లేదు. పూర్తిగా మానేయవద్దు, వేపుళ్లతో నింపనూ వద్దు.

మన దగ్గర దొరికేవాటిలో ప్రొటీన్ సుమారుగా ఇలా ఉంటుంది:

- ఒక కోడిగుడ్డు: 6 గ్రాములు
- పావు లీటరు పాలు: 8 గ్రాములు
- పచ్చి కందిపప్పు లేదా పెసలు 50 గ్రాములు: 11 నుంచి 12 గ్రాములు
- పుట్నాలు 50 గ్రాములు: 10 గ్రాములకు పైగా
- పల్లీలు 30 గ్రాములు: 7 గ్రాములు
- మీల్ మేకర్ 40 గ్రాములు: 20 గ్రాములు
- ఎముకలు లేని కోడిమాంసం 100 గ్రాములు: 20 గ్రాములు
- పచ్చి బియ్యం 100 గ్రాములు: 7 నుంచి 8 గ్రాములు

బియ్యాన్ని కూడా లెక్కలో చేర్చడం మరచిపోవద్దు. రోజుకు పావుకిలో బియ్యం తినేవారికి దాని నుంచే 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పన్నం కలిపి తినే మన అలవాటు ఈ లోటును పూడుస్తుంది.

మొత్తం ప్రొటీన్‌ను ఒక్క పూటే తినకుండా నాలుగైదు పూటలకు, పూటకు 20 నుంచి 30 గ్రాముల వంతున పంచండి. మన ఇళ్లలో పొద్దున టిఫిన్‌లో ప్రొటీన్ దాదాపు ఉండదు. నాలుగు ఇడ్లీలు, చట్నీ కలిపినా 10 గ్రాములు దాటడం కష్టం. సరిచేయాల్సిన మొదటి పూట అదే.

3. తిండి వేళలను ప్రాక్టీస్ వేళలకు సరిపెట్టండి

ఉదయం 5 గంటల ప్రాక్టీస్‌కు అసలైన ఇంధనం ముందురోజు రాత్రి భోజనమే. రాత్రి తక్కువ తిని పడుకుని, లేవగానే పరుగుకు వెళ్లేవారు రోజంతా ఎంత తిన్నా పొద్దున నీరసంగానే ఉంటారు. రాత్రి 8 గంటలకల్లా, పొట్ట బరువెక్కనంత మేరకు, పిండిపదార్థాలు తగినంత ఉండేలా భోజనం ముగించాలి.

లేచిన తర్వాత ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఆ రోజు తేలికపాటి జాగింగ్ మాత్రమే ఉంటే ఏమీ తినకుండా వెళ్లినా ఇబ్బంది లేదు. 400 మీటర్ల రిపిటీషన్లు (అదే దూరాన్ని మధ్యలో ఆగుతూ పదేపదే వేగంగా పరుగెత్తడం), టైమ్ ట్రయల్ (గడియారం పెట్టుకుని పూర్తి వేగంతో పరుగెత్తడం) వంటి కఠినమైన సాధన ఉన్న రోజు మాత్రం అరగంట ముందు ఒక అరటిపండు గానీ, మూడు నాలుగు ఖర్జూరాలు గానీ తినాలి. పొట్టలో తిప్పినట్టుంటే సగం పండుతో మొదలుపెట్టి వారం రోజుల్లో అలవాటు చేసుకోవచ్చు.

ప్రాక్టీస్ ముగిశాక గంటలోపు ప్రొటీన్, పిండిపదార్థాలు రెండూ ఉన్న ఆహారం పడాలి. గ్రౌండ్ నుంచి గది చేరి, స్నానం చేసి, టిఫిన్ సెంటర్‌కు వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటే వారైతే సంచిలోనే పల్లీపట్టీ, ఉడికించిన గుడ్లు పెట్టుకుని వెళ్లడం మంచిది. సాయంత్రం మళ్లీ సాధన ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఖాళీ అయిన గ్లైకోజెన్ నిండటానికి వారికి మిగిలేది కొద్ది గంటలే.

సాయంత్రం సాధనకు ముందు పూర్తి భోజనమైతే మూడు గంటలు, చిరుతిండి అయితే గంట నుంచి గంటన్నర ఎడం ఉండాలి.

4. ఒక రోజు నమూనా

65 కిలోల యువకుడు, ఉదయం గంటన్నర, సాయంత్రం ముప్పావు గంట సాధన. కొలతలన్నీ పచ్చి దినుసులవి.

- ఉదయం 4.45: అరటిపండు, నీళ్లు.
- 7.00: పావు లీటరు పాలు, 30 గ్రాముల పల్లీపట్టీ.
- 8.15: 80 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు, అల్లం చట్నీ, రెండు ఉడికించిన గుడ్లు.
- 11.00: జామపండు, మజ్జిగ.
- మధ్యాహ్నం 1.00: 150 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల పప్పుతో ఆకుకూర పప్పు, ఒక కూర, పెద్ద కప్పు పెరుగు.
- 4.15: 40 గ్రాముల ఉడికించిన శనగలు, అరటిపండు.
- రాత్రి 8.00: రెండు మూడు జొన్నరొట్టెలు లేదా 110 గ్రాముల బియ్యపు అన్నం, 100 గ్రాముల కోడికూర లేదా 40 గ్రాముల మీల్ మేకర్ కూర, పెరుగు.
- 9.30: ఒక గ్లాసు పాలు.

మొత్తం సుమారు 2,900 కేలరీలు, 115 నుంచి 120 గ్రాముల ప్రొటీన్. ఇందులో దుకాణంలో ప్రత్యేకంగా కొనాల్సిన వస్తువేదీ లేదు. 55 కిలోల యువతి మధ్యాహ్నం బియ్యాన్ని 110 గ్రాములకు, రాత్రి 80 గ్రాములకు తగ్గించి, పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం అరటిపండు తీసేస్తే తన లెక్కకు దగ్గరగా వస్తుంది. పాలు, పప్పు, శనగలు మాత్రం తగ్గించకూడదు.

వేసవిలో చద్దన్నం మంచి టిఫినే. పెరుగు, ఉప్పు, ఉల్లిపాయతో కలిపిన చద్దన్నం తేలిగ్గా అరుగుతుంది, చెమటలో పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇస్తుంది. దానికి లోటల్లా ప్రొటీనే కాబట్టి పక్కన రెండు గుడ్లు గానీ, గుప్పెడు పల్లీలు, పుట్నాలు గానీ చేర్చాలి.

5. హాస్టల్‌లో, మెస్‌లో తినేవారికి

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునేవారికి వంట వారి చేతిలో ఉండదు. మెస్ భోజనంలో అన్నానికి కొదవ ఉండదు కనుక పిండిపదార్థాల సమస్య తక్కువ. లోటు పప్పు దగ్గర వస్తుంది. గిన్నెలో పైన తేరుకున్న నీటిని గరిటెతో పోసుకుంటే పళ్లెంలోకి పసుపు రంగు నీళ్లే వస్తాయి. గరిటెను అడుగుదాకా దించి, ఒకసారి కలిపి, చిక్కటి పప్పు తీసుకోండి. సాంబారును పప్పు కింద లెక్కించవద్దు. కప్పు సాంబారులో ఉండే కందిపప్పు చాలా కొద్ది.

పొయ్యి అవసరం లేకుండా గదిలో ఉంచుకోగలిగినవి, ఉపయోగాన్ని బట్టి ఈ వరుసలో కొనండి:

1. పుట్నాలు, వేయించిన పల్లీలు: మూత బిగుతుగా ఉన్న డబ్బాలో రెండు వారాలు నిల్వ ఉంటాయి.
2. పాల ప్యాకెట్, పెరుగు ప్యాకెట్: ఏ రోజుకారోజు.
3. ఉడికించిన గుడ్లు: మెస్‌లో అడిగితే చాలాచోట్ల అదనపు డబ్బు తీసుకుని ఇస్తారు.
4. అరటిపండ్లు, కాలాన్ని బట్టి జామ, బొప్పాయి, బత్తాయి.
5. బెల్లం, ఖర్జూరం.

బాదం కొనలేకపోతున్నామని బాధపడేవారు చాలామంది ఉన్నారు. ప్రొటీన్ విషయంలో పల్లీలు బాదంకు తీసిపోవు, నిజానికి కాస్త ఎక్కువే ఇస్తాయి. ఆ డబ్బును గుడ్లకు, పాలకు పెట్టండి.

మొలకలను గదిలో తయారు చేసుకునేవారు నీళ్లు పూటపూటకూ మార్చాలి, వీలైతే ఆవిరి పట్టించి తినాలి. ఉక్కపోతలో పచ్చి మొలకలపై సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి.

6. నీళ్లు, ఉప్పు

మీ ఒంట్లోంచి ఎంత చెమట పోతుందో ఒకసారి కొలిచి చూడండి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత, చెమట తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోవాలి. 64 కిలోలు 63.2 అయి, మధ్యలో 200 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీరు కోల్పోయింది ఒక లీటరు. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంబావు నుంచి లీటరున్నర వంతున, అంటే ఇక్కడ ఒకటి నుంచి 1.2 లీటర్ల నీళ్లు, తర్వాతి మూడు నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా తాగాలి.

ఎండాకాలంలో ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడే ప్రమాదం ఉంది. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు మధ్యమధ్యలో తీసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ప్యాకెట్ లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమమట్టం టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపవచ్చు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు.

7. ఇనుము, క్యాల్షియం

రక్తహీనత ఉన్నవారు ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు, ఎందుకంటే కండరాలకు ఆక్సిజన్ చేరవేసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటుంది. 2020 సిఫార్సుల ప్రకారం పురుషులకు రోజుకు 19 మిల్లీగ్రాములు, మహిళలకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. సాధన మొదలుపెట్టేటప్పుడే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ముఖ్యంగా అమ్మాయిలు. తక్కువగా ఉంటే మాత్రలు వైద్యుడు చెప్పినట్టే వాడాలి; ఆహారంతో మాత్రమే భర్తీ చేద్దామని నెలలు గడపవద్దు.

తోటకూర, గోంగూర, శనగలు, నువ్వులు, కాలేయం తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం గానీ, జామ, ఉసిరి తినడం గానీ చేస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు, లేదా తిన్న వెంటనే తాగే టీ, కాఫీ దానికి అడ్డుపడతాయి. కనీసం గంట ఎడం పాటించండి.

పిక్కల ముందు ఎముక నొప్పి తరచుగా వచ్చేవారు నేల, బూట్లు, పరుగు దూరంతో పాటు క్యాల్షియాన్ని కూడా చూసుకోవాలి. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. పావు లీటరు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటాయి. పాలు పోసి కాచిన రాగిజావ ఇందుకు మంచి దారి.

ఒక మాట అమ్మాయిలకు, వారి ఇంట్లోని పెద్దలకు గట్టిగా చెప్పాలి. సాధన పెరిగాక నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే అది కష్టపడుతున్నదానికి గుర్తని వదిలేయకూడదు. ఒంటికి అందే శక్తి చాలనప్పుడు శరీరం మొదట ఆపేసే పనుల్లో అదొకటి. దాని వెంటే ఎముకలు బలహీనపడతాయి. తిండి పెంచి, వైద్యురాలిని కలవాలి.

8. సరిపోతోందో లేదో వారంవారం చూసుకోండి

వారంలో మూడు రోజులు ఉదయం కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు బరువు చూసి సగటు రాయండి. వారానికోసారి మాత్రమే చూసుకోగలిగినవారు ఆ ఒక్క అంకెనే రాసి, రెండు వారాలు పోల్చాలి. లేవకముందు నాడి ఒక నిమిషం లెక్కపెట్టండి.

- బరువు వారానికి అరకిలో పైగా తగ్గుతోందా?
- నాడి మామూలు కంటే కొన్ని రోజులుగా వేగంగా ఉందా?
- అలసిపోయినా రాత్రి నిద్ర పట్టడం లేదా?
- జలుబు, జ్వరం పదేపదే వస్తున్నాయా?
- మెట్లెక్కేటప్పుడు నిన్నటి సాధన బరువు ఇంకా కాళ్లలో ఉందా?
- చిన్న విషయాలకే చిరాకు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం ఉన్నాయా?

రెండు మూడింటికి అవునని జవాబొస్తే రోజుకు 300 కేలరీలు పెంచండి. అంటే రెండు అరటిపండ్లు, ఇరవై గ్రాముల పల్లీలు; లేదా ఒక గ్లాసు పాలు, గుప్పెడు పుట్నాలు, చిన్న బెల్లం ముక్క. రెండు వారాలు ఆగి మళ్లీ చూడండి. తిండి పెంచినా మార్పు లేకపోతే విశ్రాంతి రోజులు, పరుగు దూరం పరిశీలించాలి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

*అన్నం పూర్తిగా మానేయడం.* మొదటి వారంలో తగ్గే బరువు ఎక్కువగా గ్లైకోజెన్, దానితో ఉండే నీరు. ఆ తర్వాత టైమింగ్ పడిపోతుంది. మధ్యాహ్నం అన్నం తినండి, పప్పు, కూర వాటా పెంచండి.

*పచ్చి గుడ్లు తాగడం.* పచ్చి గుడ్డులోని ప్రొటీన్ వండినదానితో పోలిస్తే చాలా తక్కువగా ఒంటబడుతుంది, పైగా కడుపును పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ప్రమాదం ఉంది. ఉడికించి, పచ్చసొనతో సహా తినండి.

*తిండి సరిచేయకుండా పౌడర్ కొనడం.* ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి)లో ఉండేది నాలుగు గుడ్లలో ఉండే ప్రొటీన్ మాత్రమే. నాలుగు పూటలూ సరిగా తిన్నాక కూడా లోటు మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు. జిమ్‌లో విడిగా కట్టి ఇచ్చే, లేబుల్ లేని పొడులను, త్వరగా కండ పెరుగుతుందని ఇచ్చే ఇంజెక్షన్లను దగ్గరకు రానీయవద్దు.

*ఆదివారం మాత్రమే కిలో చికెన్.* శరీరం ప్రొటీన్‌ను వారానికి సరిపడా దాచుకోదు. అదే డబ్బుతో రోజూ రెండు గుడ్లు, పాలు తీసుకోవడం మేలు.

*విశ్రాంతి రోజు తిండి మానడం.* కండరాలు కోలుకునేది ఆ రోజే. సాయంత్రం చిరుతిండి ఒక్కటి తగ్గిస్తే చాలు.

10. ఈవెంట్స్ ముందురోజు, ఆ రోజు

ముందురోజు కొత్త వంటకాలు, బిర్యానీ, బయటి చట్నీలు వద్దు. ఎప్పుడూ తినే అన్నం, పప్పు, పెరుగు, కాస్త ఎక్కువ మోతాదులో తినండి. పీచు ఎక్కువగా ఉండే శనగలు, మొలకలు, క్యాబేజీ ఆ రాత్రికి ఆపండి. వేరే ఊళ్లో బస చేసేవారు అరటిపండ్లు, పల్లీపట్టీ, నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

ఆ ఉదయం పరుగుకు రెండు మూడు గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీలు, కొద్దిగా చట్నీ లేదా చక్కెర. అంత సమయం దొరకనివారు అరటిపండుతో సరిపెట్టుకోవాలి. పత్రాల పరిశీలన, కొలతలు, బ్యాచ్‌ల పిలుపు వల్ల మీ వంతు రావడానికి గంటలు పట్టవచ్చు. అందుకే సంచిలో ఇవి ఉండాలి:

- రెండు అరటిపండ్లు, నాలుగైదు ఖర్జూరాలు
- లీటరు నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్
- పల్లీపట్టీ లేదా పుట్నాలు, బెల్లం
- ఎండకు టోపీ లేదా తువ్వాలు

వేచి ఉన్నంతసేపూ గంటకోసారి నాలుగు గుక్కల నీళ్లు తాగండి. నిరీక్షణ రెండు గంటలు దాటితే సగం అరటిపండు తినండి. పరుగుకు అరగంట ముందు నుంచి గట్టి పదార్థమేదీ వద్దు. పరుగు ముగిసి లాంగ్ జంప్‌కు, షాట్‌పుట్‌కు పిలిచేలోపు ఊపిరి కుదుటపడగానే ఓఆర్‌ఎస్ తాగి, రెండు ఖర్జూరాలు తినండి. పల్లీపట్టీని మాత్రం ఈవెంట్స్ అన్నీ పూర్తయ్యాకే విప్పండి, ఎందుకంటే అందులోని కొవ్వు పొట్టలో ఎక్కువసేపు ఉండిపోతుంది.